ఒకే ఇంట్లో ఒక కంప్యూటర్‌కి నెట్ వేగంగా, ఇంకోదానికి నెమ్మదిగా: లోపం ఎక్కడుందో వెతికే పద్ధతి



"ఇంట్లో కనెక్షన్ ఒకటే, రౌటర్ ఒకటే. అన్నయ్య కంప్యూటర్లో వీడియో ఆగకుండా వస్తుంది. నా లాప్‌టాప్‌లో మాత్రం ఆ గుండ్రం తిరుగుతూనే ఉంటుంది. ఎందుకు సార్?" మన కంప్యూటర్ గదికి పిల్లలు తెచ్చే ప్రశ్నల్లో ఇది మొదటి వరసలో ఉంటుంది. ఇళ్ళల్లో దీనికి రెండు జవాబులు దొరుకుతుంటాయి. ఒకటి, "ప్లాన్ పెంచేద్దాం". రెండోది, "నువ్వే ఏవో ఆటలు ఎక్కించి పాడు చేశావు". రెండూ తొందరపాటే.

ఒక్క విషయం ముందు తేల్చుకోండి. ఒక కంప్యూటర్‌కి పూర్తి వేగం వస్తూ, అదే ఇంట్లో ఇంకోదానికి రావట్లేదంటే, వీధిలోంచి ఇంట్లోకి వచ్చే లైన్ బాగానే ఉంది. లోపం రౌటర్‌కీ ఆ రెండో కంప్యూటర్‌కీ మధ్య దారిలో ఉంది, లేదా ఆ కంప్యూటర్ లోపలే ఉంది. 40 దగ్గర ఆగిపోతున్న లాప్‌టాప్, మీరు ప్లాన్ 100 నుంచి 300కి పెంచినా 40 దగ్గరే ఆగుతుంది. నెలనెలా డబ్బు మాత్రం పోతుంది.

ఇది వేసవి సెలవుల్లోనే చూసుకోవడం మేలు. పదో తరగతి ఫలితాలు వచ్చాక ప్లస్ టూ చేరికకి సామ్స్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాలి. ఆఖరి రోజు రాత్రి ఆ పేజీ సగంలో ఆగిపోయినప్పుడు, లోపం కేబుల్‌లో ఉందా, లాప్‌టాప్‌లో ఉందా అని వెతికే ఓపిక ఎవరికీ ఉండదు.

ముందు కొలవండి, కాగితం మీద రాయండి

"స్లో"గా ఉంది అన్న మాటతో ఏ పనీ జరగదు. అంకె కావాలి. ఒకే స్పీడ్ టెస్ట్ సైట్‌ని అన్ని కంప్యూటర్లలోనూ వాడండి. ఒక దాంట్లో ఒక సైట్, ఇంకోదాంట్లో ఇంకోటి చూస్తే పోలిక కుదరదు. ఒక్కో కంప్యూటర్‌ని విడివిడిగా పరీక్షించండి. రెండింటిలోనూ ఒకేసారి నొక్కితే ఉన్న వేగాన్ని రెండూ పంచుకుంటాయి, అంకెలు రెండూ తప్పే చూపిస్తాయి. ఆ పది నిమిషాలు టీవీ, సెల్‌ఫోన్లు వైఫై నుంచి తీసి ఉంచండి. మూడేసి సార్లు చూసి, మూడూ రాయండి. రాసేటప్పుడు ఏ కంప్యూటర్, ఏ గది, కేబులా వైఫైనా, డౌన్‌లోడ్ ఎంత, అప్‌లోడ్ ఎంత, టైం ఎంతైంది, ఇవన్నీ ఒకే వరసలో వేసుకోండి. అప్‌లోడ్ అంకెని చాలామంది వదిలేస్తారు. ఫోటోలు, సర్టిఫికెట్లు పంపేది, ఆన్‌లైన్ క్లాసులో మన మొహం అవతలివాళ్ళకి కనిపించేది దాని మీదే.

ఇక్కడ పిల్లలు తరచు తగువు పడే సంగతి ఒకటి ఉంది. స్పీడ్ టెస్ట్ చూపించేది ఎంబీపీఎస్, అంటే సెకనుకి ఎన్ని మెగాబిట్లు అని. ఫైల్ దిగుతున్నప్పుడు చాలా ప్రోగ్రాములు చూపించేది మెగాబైట్లు. 8 బిట్లు ఒక బైట్. తమ్ముడి తెర మీద 88 అని, అక్క తెర మీద 11 అని కనిపిస్తే, రెండూ ఒకే వేగం అయ్యుండొచ్చు: 11ని 8తో గుణిస్తే 88. 100 ఎంబీపీఎస్ ప్లాన్ ఉన్న ఇంట్లో ఫైల్ సెకనుకి 12.5 మెగాబైట్లకి మించి దిగదు. "వంద అన్నారు, పన్నెండే వస్తోంది" అని ఫిర్యాదు చేసే ముందు ఈ లెక్క చూసుకోండి.

కాగితం ఏం చెప్తుంది

ఉదాహరణకి ఒక ఇల్లు అనుకుందాం. ప్లాన్ 200 ఎంబీపీఎస్. రౌటర్ వీధి గదిలో ఉంది. దాని పక్కనే పొట్టి కేబుల్‌తో కలిపిన కంప్యూటర్‌కి 192 వస్తోంది. మేడ మీద గదిలో పొడుగు కేబుల్‌తో ఉన్న కంప్యూటర్‌కి మూడు సార్లూ 94. నడిమి గదిలో వైఫై మీద ఉన్న పాత లాప్‌టాప్‌కి 38, 41, 40. వెనక వంటింటి దగ్గర కూర్చుని చదువుకునే అమ్మాయి లాప్‌టాప్‌కి ఒకసారి 30, ఒకసారి 6, ఒకసారి 19.

నాలుగు అంకెలు, నాలుగు వేరువేరు కథలు. 192 వచ్చిందంటే లైన్‌కి ఢోకా లేదు. మిగిలిన మూడింటికీ కారణాలు మూడూ వేరు. అంకె కదలకుండా ఒకే చోట నిలబడితే అక్కడేదో గట్టి హద్దు ఉందని అర్థం. అంకె ఎగిరెగిరి పడుతుంటే, గాల్లో అడ్డంకో, వెనకాల ఇంకేదో పని నడవడమో అయ్యుంటుంది. ఈ తేడా పట్టుకుంటే సగం పని అయినట్టే.

94 అనే అంకె

కేబుల్ మీద ఉన్న కంప్యూటర్‌కి 94, 95 దగ్గర కదలకుండా వస్తుంటే, ఇంచుమించు ఖాయంగా ఆ దారిలో ఎక్కడో 100 ఎంబీపీఎస్ ముక్క ఉంది. 100 ఎంబీపీఎస్ లింక్‌లో పైపై ఖర్చులు పోగా చేతికి వచ్చేది అంతే. అలాగే 9 దాటకపోతే లింక్ 10 ఎంబీపీఎస్‌కి పడిపోయి ఉంటుంది.

లింక్ వేగం అంటే కంప్యూటర్‌కీ, అది కలిసి ఉన్న రౌటర్‌కీ లేక స్విచ్‌కీ మధ్య కుదిరిన ఒప్పందం. ఇంటర్నెట్‌తో దానికి పని లేదు. విండోస్‌లో సెట్టింగ్స్ తెరిచి, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌లోకి వెళ్ళి, ఎథర్నెట్ అన్నచోట నొక్కితే లింక్ స్పీడ్ అని కనిపిస్తుంది. అక్కడ 1000 అని ఉండాలి. 100 అని ఉంటే వెతకాల్సిన చోట్లు కొన్నే.

మొదటిది కేబుల్. నెట్‌వర్క్ కేబుల్ లోపల నాలుగు జతలు, మొత్తం ఎనిమిది తీగలు ఉంటాయి. 100 ఎంబీపీఎస్‌కి రెండు జతలు చాలు. 1000కి నాలుగూ కావాలి. ఎనిమిదిలో ఒక్క తీగ తెగినా, తలుపు కింద నలిగినా, చాలా కార్డులు నోరెత్తకుండా 100కి దిగిపోతాయి. నెట్ నడుస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. చివర ఉండే ప్లాస్టిక్ క్లిప్ విరిగి ప్లగ్ వదులుగా ఉన్నా ఇదే తంతు. గోపాలపూర్ వైపు సముద్రానికి దగ్గర్లో ఉన్న ఇళ్ళల్లో తేమకీ ఉప్పుగాలికీ ప్లగ్‌లోని రేకులు మాసిపోవడం కూడా ఉంటుంది. ప్లగ్‌ని రెండు మూడు సార్లు తీసి పెడితే కాసేపు బాగుపడి మళ్ళీ మొదటికి వస్తే దాన్నే అనుమానించండి.

ఇంకో చిక్కు చేతితో బిగించిన ప్లగ్‌లలో వస్తుంది. తీగల వరసకి ఒక పద్ధతి ఉంది: తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ. నీలం జత మధ్యలో, ఆకుపచ్చ జత దాని రెండు పక్కలా విడిపోయి ఉండాలి. అది వింతగా కనిపించి, కొందరు ఏ జతకి ఆ జత పక్కపక్కనే పెట్టి బిగించేస్తారు. రెండు చివరలా ఒకే వరస కాబట్టి దీపాల టెస్టర్‌లో ఎనిమిది దీపాలూ చక్కగా వెలుగుతాయి. కానీ సంకేతాలు తమ జతలో కాక పక్క జత తీగతో ప్రయాణించి ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటాయి. కేబుల్ పొడుగైన కొద్దీ నష్టం ఎక్కువ. "టెస్టర్‌లో బాగానే ఉంది" అన్న మాటని అందుకే పూర్తిగా నమ్మలేం. ప్లగ్‌లు పారదర్శకంగా ఉంటాయి, రంగుల వరస కంటితోనే చూసుకోవచ్చు. పిల్లలు బాగా చేయగల పని ఇది.

ఒకే కేబుల్‌ని చీల్చి నాలుగు తీగలు ఒక గదికి, నాలుగు ఇంకో గదికి ఇచ్చిన ఇళ్ళు కూడా ఉన్నాయి. ఆ రోజుల్లో 100 చాలా ఎక్కువ కాబట్టి అది తెలివైన పనే. ఇవాళ ఆ రెండు గదులూ 100 దాటవు.

రెండోది మధ్యలో ఉండే పెట్టెలు. మేడ మీదికి పోయే దారిలో ఏదో పాత స్విచ్ పెట్టె ఉంటుంది, సజ్జ మీద దుమ్ములో దీపాలు మిణుకుమంటూ. దాని మీద 10/100 అని రాసి ఉంటే దాని అవతల ఉన్న కంప్యూటర్లన్నీ అక్కడే ఆగుతాయి. కొన్ని రౌటర్లలో, ఫైబర్ పెట్టెల్లో కూడా ఒక్క సాకెట్ మాత్రమే 1000 ఇచ్చేది ఉండి, మిగతావి 100 ఇచ్చేవి ఉంటాయి. కేబుల్‌ని పక్క సాకెట్‌లో పెట్టి చూడటానికి పైసా ఖర్చు లేదు.

మూడోది కంప్యూటర్‌లోని కార్డ్. పాత కంప్యూటర్లలో 100 కార్డ్ ఉండటం మామూలే. మన ప్రాంతంలో ఎండాకాలం చివర్లో పిడుగుల వానలు ఎక్కువ. ఫైబర్ తీగలో కరెంటు పారదు కానీ, రౌటర్ కరెంటు ప్లగ్ ద్వారా, డాబా మీదుగా బయట లాగిన రాగి కేబుల్ ద్వారా దెబ్బ లోపలికి రావచ్చు. దెబ్బ తగిలిన సాకెట్ ఒక్కోసారి పూర్తిగా చావదు, కుంటుతూ పని చేస్తుంది. ఉరుములు మొదలవగానే రౌటర్ ప్లగ్, మేడ మీది కేబుల్ రెండూ తీసెయ్యండి.

తారుమారు చేసి చూడటం

పైన చెప్పిన వాటిలో ఏదో తెలుసుకోవడానికి కొత్త వస్తువులు కొనక్కర్లేదు. ఉన్నవాటినే తారుమారు చెయ్యండి. వేగంగా ఉన్న లాప్‌టాప్‌ని మేడ మీదికి తీసుకెళ్ళి, నెమ్మదిగా ఉన్న కంప్యూటర్ నుంచి కేబుల్ తీసి దీనికి పెట్టండి. దీనికీ 94 వస్తే లోపం దారిలో ఉంది, కంప్యూటర్‌ని నిందించకండి. దీనికి 190 వస్తే దారి మంచిదే, ఆ కంప్యూటర్‌ని చూడాలి. దారిలోనే అని తేలితే, మళ్ళీ అలాగే: కేబుల్ అదే ఉంచి రౌటర్ వైపు సాకెట్ మార్చండి, తరవాత సాకెట్ అదే ఉంచి కేబుల్ మార్చండి.

ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. ఈ మాట బడిలో సైన్స్ ప్రయోగాల్లో చెప్పేదే. కేబుల్, సాకెట్, సెట్టింగ్ మూడూ ఒకేసారి మార్చి "బాగైపోయింది" అంటే, ఏది బాగుచేసిందో తెలీదు. నెల తరవాత మళ్ళీ వస్తే మళ్ళీ మొదటినుంచి వెతుక్కోవాలి. నాలుగు మీటర్ల మంచి కేబుల్, ఫ్యాక్టరీలో ప్లగ్‌లు బిగించి వచ్చింది, ఒకటి ఇంట్లో ఉంచుకోండి. ఒకటి రెండు వందల రూపాయలకి దొరికే ఆ కేబుల్ వేల రూపాయల అనుమానాలు తీరుస్తుంది. డబ్బా మీద క్యాట్ 5ఈ అనో క్యాట్ 6 అనో ఉంటే చాలు. ఇళ్ళకి అంతకన్నా ఖరీదైనది అక్కర్లేదు.

ఇంకో చిన్న పరీక్ష, పెద్ద తరగతి పిల్లలకి. ఇంటర్నెట్‌ని పక్కనపెట్టి, రెండు కంప్యూటర్ల మధ్య కేబుల్ మీద ఒక గిగాబైట్ సైజు ఫైల్‌ని కాపీ చెయ్యండి. దారంతా 1000 ఉంటే పది పదిహేను సెకన్ల పని. ఎక్కడైనా 100 ఉంటే నిమిషంన్నర దగ్గర పడుతుంది. బయటి లైన్‌కి ఇందులో పాత్రే లేదు కాబట్టి ఫలితం మీద వాదన ఉండదు. పాత హార్డ్ డిస్క్ ఉన్నచోట మాత్రం డిస్కే ఆలస్యం చెయ్యొచ్చు, అది లెక్కలో ఉంచుకోండి.

వైఫై సంగతి వేరు

వైఫైలో రాసి ఉన్న అంకెకీ చేతికొచ్చే అంకెకీ దూరం ఎక్కువ. లింక్ స్పీడ్ 72 అని చూపిస్తే అసలు వచ్చేది 40 దగ్గర. 54 అని చూపిస్తే 20, 25. గాలి ఒక్కటే దారి. అందులో పంపేవాళ్ళూ తీసుకునేవాళ్ళూ వంతులవారీగా మాట్లాడాలి. సగం సమయం వంతు కోసం ఎదురుచూడటంలోనే పోతుంది.

మన ఉదాహరణలో నడిమి గది లాప్‌టాప్‌కి 40 దగ్గర కదలకుండా వచ్చింది కదా. అది 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే తెలిసిన, ఒకే యాంటెన్నా ఉన్న కార్డ్‌కి సహజమైన హద్దు. కార్డ్‌లో లోపం లేదు, దాని శక్తే అంత. తక్కువ ధర లాప్‌టాప్‌లలో చాలాకాలం ఇలాంటి కార్డులే వచ్చాయి. మీ లాప్‌టాప్ ఏ రకమో తెలుసుకోవాలంటే, రౌటర్ పక్కన నిలబడి వైఫై పేర్ల జాబితా చూడండి. సెల్‌ఫోన్‌లో రెండు పేర్లు కనిపిస్తూ లాప్‌టాప్‌లో ఒకటే కనిపిస్తే, ఆ లాప్‌టాప్‌కి 5 గిగాహెర్ట్జ్ తెలీదని అనుకోవచ్చు. రెండు బ్యాండ్లూ అందుకునే చిన్న యూఎస్‌బీ వైఫై ముక్క పెడితే మారుతుంది. వీలుంటే కేబుల్ పెట్టడం ఇంకా మంచిది. (పేరు చివర 5జీ అని ఉంటే అది సెల్ కంపెనీల 5జీ కాదు, 5 గిగాహెర్ట్జ్ అని చెప్పడానికి పెట్టుకున్న గుర్తు. రెండూ ఒకటే అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు.)

లాప్‌టాప్‌కి 5 గిగాహెర్ట్జ్ తెలిసినా అది 2.4 పట్టుకుని వేలాడుతుండొచ్చు. రెండు బ్యాండ్లకీ ఒకే పేరు పెట్టిన రౌటర్లలో ఇది జరుగుతుంది. రౌటర్ సెట్టింగులలో రెండింటికీ వేరు పేర్లు పెట్టి, దగ్గర గదుల్లోని వాటిని 5 మీద, దూరపు గదుల్లోని వాటిని 2.4 మీద ఉంచండి. 5 వేగం ఎక్కువ, గోడలు దాటడం కష్టం. 2.4 వేగం తక్కువ, గోడలు దాటుతుంది.

బరంపురం పాత వీధుల్లో ఇళ్ళు ఎలా ఉంటాయో మీకు తెలుసు. వీధి వైపు సన్నం, లోపలికి పొడుగు, పక్కింటికీ మనకీ గోడ ఒకటే. రౌటర్ వీధి గదిలో ఉంటే వంటిల్లు చేరేసరికి నాలుగు గోడలు, మధ్యలో ఒక ఇనప బీరువా, ఒక ఫ్రిజ్. పైగా రెండు పక్కల ఇళ్ళ వైఫైలు కూడా అదే గాల్లో. 2.4లో ఒకదానికొకటి తగలకుండా ఉండే చానెళ్ళు మూడే: 1, 6, 11. పక్కింటివాళ్ళు 6 మీద ఉంటే మీరు 1 లేక 11కి మారండి. 3, 4 లాంటివి పెడితే రెండిళ్ళకీ నష్టమే. సెల్‌ఫోన్‌లో వైఫై అనలైజర్ లాంటి యాప్ పెట్టుకుంటే ఏ చానెల్ మీద ఎంత రద్దీ ఉందో కనిపిస్తుంది. మైక్రోవేవ్ పొయ్యి నడిచేది కూడా 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోనే. అది తిరుగుతున్నంతసేపూ పక్కన కూర్చున్న లాప్‌టాప్‌కి వేగం పడిపోవడం వింత కాదు. వంటింటి అమ్మాయికి 30, 6, 19 ఎందుకొచ్చాయో ఇప్పుడు ఊహించొచ్చు.

కనెక్షన్ ఇచ్చిన అబ్బాయి గోడకి ఎక్కడ రంధ్రం చేశాడో రౌటర్ అక్కడే స్థిరపడిపోవడం మన ఇళ్ళ అలవాటు. టీవీ వెనక, అల్మరా లోపల, నేలకి అడుగు ఎత్తులో. దాన్ని ఇంటి నడిమికి, మనిషి ఎత్తుకి పైన, ఇనప వస్తువులకీ పెద్ద అద్దాలకీ దూరంగా మార్చడం వల్ల వచ్చే లాభం కొత్త రౌటర్ వల్ల కూడా రాకపోవచ్చు. గోడకి గుచ్చే రిపీటర్ కొంటారు చాలామంది. చవక రకాలు ఒకే గాలి మీద వినాలి, మళ్ళీ అదే మాట పలకాలి కాబట్టి వేగం సగానికి పడిపోతుంది. అందుబాటు పెరుగుతుంది, వేగం తగ్గుతుంది. పొడుగు ఇంట్లో వెనక గదికి ఒక కేబుల్ లాగి, అక్కడ పాత రౌటర్‌ని వైఫై పెట్టెగా పెట్టడమే నా ఓటు.

ఒక పాత సెట్టింగ్ గురించి కూడా చెప్పాలి. రౌటర్‌లో భద్రత అన్నచోట డబ్ల్యూఈపీ అనో టీకేఐపీ అనో ఉంటే కొత్త వేగాలు పనిచెయ్యవు, 54 దగ్గర ఆగిపోతాయి. డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ లేదా డబ్ల్యూపీఏ3 ఎంచుకోండి. వేగమూ వస్తుంది, భద్రతా పెరుగుతుంది. ఆ పనిలోనే పాస్‌వర్డ్ కూడా మార్చెయ్యండి, ఎప్పుడో చుట్టాలకి ఇచ్చింది ఎవరెవరి ఫోన్లలో ఉందో ఎవరికి గుర్తు?

దూరాన ఉన్న పాత లాప్‌టాప్ ఒక్కటి మిగతా అందరినీ ఆపడం కూడా చూస్తాం. రేషన్ దుకాణం వరసలో ఒకరు చిల్లర ఒక్కొక్కటే లెక్కపెడుతుంటే వెనకున్నవాళ్ళందరూ నిలబడాల్సిందే కదా. అదే ఫైల్‌ని అది తీసుకోవడానికి ఎక్కువసేపు గాలిని పట్టుకుంటుంది. దాన్ని కేబుల్ మీదికి మారిస్తే మిగతా వైఫై అంతా తేలికపడుతుంది.

గాలి నిలకడగా ఉందో లేదో చూడటానికి పింగ్ వాడండి. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పింగ్ అని ఇంగ్లీషులో కొట్టి, ఖాళీ వదిలి, రౌటర్ చిరునామా ఇవ్వండి. చాలా ఇళ్ళల్లో అది 192.168.1.1 లేదా 192.168.0.1. కేబుల్ మీద ఒక మిల్లీసెకను లోపు జవాబు రావాలి. వైఫై మీద కొన్ని మిల్లీసెకన్లు. మధ్యమధ్యలో వందలు దాటుతున్నా, జవాబే రాకపోతున్నా లోపం ఇంట్లోనే ఉందని రుజువైనట్టు. ఈ పరీక్షలో ప్రశ్న మీ ఇంటి గోడ దాటి బయటికే పోలేదు.

కంప్యూటర్ లోపల

దారి మంచిదని తేలాక మిగిలింది ఇది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. నెట్‌వర్క్ అనే నిలువు వరస మీద నొక్కితే ఎక్కువ వాడుతున్నది పైకొస్తుంది. విండోస్ అప్‌డేట్, ఫోటోలని ఆన్‌లైన్‌లో దాచే ప్రోగ్రాం, ఆటల అప్‌డేట్, సాధారణంగా వీటిలో ఒకటి. నెలలో ఒకసారి తెరిచే లాప్‌టాప్ తెరిచినప్పుడల్లా నెమ్మదిగా ఉండటానికి కారణం ఇదే, నెల రోజుల అప్‌డేట్లు ఒకేసారి దించుకుంటుంది. గంట వదిలేసి మళ్ళీ కొలవండి.

తరవాత వీపీఎన్ ఉంటే ఆపి చూడండి. బ్రౌజర్‌కి తగిలించిన చిన్న చిన్న ఎక్స్‌టెన్షన్లు తీసి చూడండి. రెండు యాంటీవైరస్‌లు ఉంటే ఒకటి తీసెయ్యండి. ఒకటి చాలు. లాప్‌టాప్ ఛార్జర్ తీసినప్పుడే నెమ్మదిస్తే, బ్యాటరీ ఆదా చెయ్యడానికి వైఫై కార్డ్ శక్తి తగ్గించుకుంటోంది. పవర్ సెట్టింగ్ మార్చండి. నెట్‌వర్క్ కార్డ్ సెట్టింగులలో స్పీడ్ అండ్ డ్యూప్లెక్స్ అనే చోట ఎవరో చేతితో ఏదో ఎంచి ఉంటే దాన్ని ఆటో నెగోషియేషన్‌కి తిప్పండి. ఒక పక్క చేతితో, ఇంకో పక్క ఆటోగా ఉంటే రెండూ పొంతన కుదరక, చిన్న పనులకి బాగానే ఉండి పెద్ద ఫైల్‌కి కూలబడుతుంది.

స్పీడ్ టెస్ట్‌లో 190 వస్తూ పేజీలు మాత్రం నెమ్మదిగా తెరుచుకుంటున్నాయా? అప్పుడది నెట్ కాదు. పాత హార్డ్ డిస్క్, చాలని మెమరీ. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ అంకె వంద శాతం దగ్గర కూర్చుని ఉంటుంది. ప్రతి సైట్‌కీ మొదట రెండు మూడు క్షణాలు ఆగి, తరవాత గబగబా వస్తుంటే పేరుని చిరునామాగా మార్చే డీఎన్ఎస్ దగ్గర ఆలస్యం. వేగంగా ఉన్న కంప్యూటర్‌లో డీఎన్ఎస్ ఎలా ఉందో ఇందులోనూ అలాగే పెట్టండి.

ఎంతకీ తేలకపోతే పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ నడిపి, అందులో స్పీడ్ టెస్ట్ చెయ్యండి. హార్డ్ డిస్క్‌ని ముట్టుకోకుండానే నడుస్తుంది, ఉన్న ఫైళ్ళకి ఏమీ కాదు. అందులో వేగం వస్తే కార్డ్ మంచిదే, విండోస్‌లో సర్దాలి. అందులోనూ రాకపోతే కార్డ్ మార్చాలి.

అన్నీ ఒకేలా నెమ్మదిస్తే

కేబుల్, వైఫై, పాతది, కొత్తది అన్న తేడా లేకుండా అన్నిటికీ ఒకే రకంగా వేగం తగ్గితే అప్పుడు లైన్ సంగతి. నెల చివర్లో మాత్రమే అలా అవుతుంటే మీ ప్లాన్‌లో ఇంత డేటా దాటాక వేగం తగ్గిస్తామన్న షరతు ఉందేమో చూడండి. సాయంత్రాలు మాత్రమే అవుతుంటే వీధిలో రద్దీ. ఎవరి సెల్‌ఫోనో వందల ఫోటోలని ఆన్‌లైన్‌లోకి ఎక్కిస్తుంటే అప్‌లోడ్ దారి నిండిపోయి ఇంట్లో అందరి క్లాసులూ తడబడతాయి. దాన్ని రాత్రికి వాయిదా వెయ్యండి.

కంపెనీకి ఫోన్ చేసే ముందు మిగతావన్నీ విప్పేసి, రౌటర్‌కి ఒక్క కంప్యూటర్‌ని పొట్టి కేబుల్‌తో కలిపి, ఉదయం, మధ్యాహ్నం, రాత్రి కొలిచి రాసుకోండి. "వైఫైలో స్లో" అంటే వాళ్ళు మీ గోడల మీద నెపం వేసి ఫోన్ పెట్టేస్తారు. "కేబుల్ మీద, ఒక్క కంప్యూటరే ఉండగా, రాత్రి ఎనిమిదికి 200కి బదులు 31 వస్తోంది, మూడు రోజుల అంకెలు ఉన్నాయి" అంటే మనిషిని పంపక తప్పదు. వచ్చిన మనిషి తన సెల్‌ఫోన్‌లో చూపించే స్పీడ్ టెస్ట్‌తో సరిపెట్టుకోకండి. మీ కంప్యూటర్‌లోనే, కేబుల్ మీదే చెయ్యమనండి.

ఇంత చేసినా తేలనివాళ్ళు శనివారం బడి అయ్యాక కంప్యూటర్ గదికి రండి. లాప్‌టాప్‌నీ, దాని ఛార్జర్‌నీ, మీరు రాసిన కాగితాన్నీ తెండి. అనుమానం ఉన్న కేబుల్ కూడా, చుట్టగా చుట్టి, మరీ మడత పడకుండా. రౌటర్ తేవద్దు, అందులోని సెట్టింగులు మీ ఇంటి లైన్‌తోనే పనిచేస్తాయి. చిన్న తరగతుల పిల్లలతో పెద్దవాళ్ళు ఒకరు రావాలి.